మన దేశంలో జరిగిన విమాన ప్రమాదాలన్నిటికీ పైలట్లే కారణమా?

మీరు రెండు విషయాలు అడిగారు. మన దేశంలో జరిగిన పెద్ద విమాన ప్రమాదాలకు అసలు కారణాలేమిటి, ప్రతిసారీ పేపర్లో "పైలట్ తప్పిదం" అనే ఎందుకు రాస్తారు అన్నది మొదటిది. అహ్మదాబాద్ ప్రమాదం చూశాక టెన్షన్‌గా ఉంది, వచ్చే నెల అమ్మను తీసుకుని హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్ళాలి అన్నది రెండోది. నేను ఇరవై రెండేళ్ళుగా విమానాల మెయింటెనెన్స్ పనిలో ఉన్నాను. ఈ ప్రశ్న మాత్రం నాకు అంతకంటే చాలా ముందు నుంచీ ఉంది. కాస్త పొడుగైనా పూర్తిగా చెబుతాను.

1993 నవంబర్ 15. నేను ఎనిమిదో తరగతి. తిరుపతికి దగ్గర్లో వరి పొలాల్లో విమానం దిగిందని తెలిసి, మా నాన్న బడి మాన్పించి మరీ నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు. అందులో చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి, అల్లు రామలింగయ్య లాంటి సినిమావాళ్ళు చాలామంది ఉన్నారని అప్పటికే ఊరూరా తెలిసిపోయింది. మేం వెళ్ళేసరికి వాళ్ళెవరూ లేరు. జనం మాత్రం వాళ్ళ కోసమే వెతుకుతున్నారు. నేను విమానం వైపే చూస్తూ ఉండిపోయాను. బురదలో అంత పెద్ద విమానం, రెక్క వెనక అంచున కిందికి వేలాడుతున్న పలకలు. ఆయిలు అయిపోయి దిగిందని పక్కన ఎవరో అన్నారు. దానికి మా నాన్న, "బస్సు డ్రైవరు కూడా బండి తీసేముందు డీజిల్ చూసుకుంటాడు కదరా, అంత పెద్దదానికి ఆయిలు అయిపోవడమేంటి?" అన్నారు.

దానికి జవాబు నాకు ఈ చదువులోకి వచ్చాక దొరికింది. అది మద్రాస్ నుంచి హైదరాబాద్ వచ్చే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ300. బేగంపేటలో రన్‌వే సరిగ్గా కనిపించకపోవడంతో దిగకుండా మళ్ళీ పైకి లేచింది. అప్పుడు ఫ్లాప్స్ ఇరుక్కుపోయాయి. నేను చూసిన పలకలు అవే. విమానం నెమ్మదిగా దిగడానికి వాటిని కిందికి దించుతారు, పైకెక్కాక లోపలికి లాగేస్తారు. లాగకపోతే గాలి అడ్డుపడి, లారీని మొదటి గేర్‌లో వంద కిలోమీటర్లు తోలినట్టు ఇంధనం మండిపోతుంది. పైలట్లు తిరిగి మద్రాస్ వైపు తిప్పారు. మామూలు విమానానికి సరిపోయే ఇంధనమే ఉంది కానీ, పలకలు వేలాడుతున్న విమానానికి అది చాలలేదు. దారిలో సంగతి అర్థమై తిరుపతి వైపు తిరిగారు. అక్కడికీ చేరలేక పొలంలో దించారు. ఉన్నది 262 మంది, ఒక్కరు కూడా చనిపోలేదు.

ఇందులో తప్పు ఎవరిది? పైలట్ల నిర్ణయంలో తప్పుంది, కాదనను. కానీ హైదరాబాద్‌లో వాతావరణం బాగుంటే ఆ నిర్ణయం తీసుకోవాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఫ్లాప్స్ ఇరుక్కోకపోతే అదే నిర్ణయం సరైనదే అయ్యేది. విమానం మీద చివరగా చెయ్యి ఉండేది పైలట్‌ది కాబట్టి పేరు అతనికే వస్తుంది. ఆ చెయ్యి అక్కడిదాకా ఎలా వచ్చిందన్నది చూడకపోతే మళ్ళీ ఇంకో పైలట్ చెయ్యి అక్కడికే వస్తుంది.

నా పని మీద ఎక్కువ ప్రభావం చూపినది 1978 జనవరి 1 నాటి ఎయిరిండియా ప్రమాదం. "ఎంపరర్ అశోక" అనే బోయింగ్ 747, బొంబాయి నుంచి దుబాయ్‌కి రాత్రిపూట బయల్దేరింది. పైకి లేచి కుడివైపు తిరిగి, మళ్ళీ సమంగా అయింది. కెప్టెన్ ముందున్న పరికరం మాత్రం విమానం ఇంకా కుడివైపే వంగి ఉన్నట్టు చూపిస్తోంది. ఆయన దాన్ని నమ్మి ఎడమకు తిప్పుతూ పోయారు. పగలైతే కిటికీలోంచి చూస్తే తెలిసిపోయేది. కింద సముద్రం, పైన చీకటి, రెంటికీ మధ్య గీత లేదు. రెండు నిమిషాలైనా గడవకుండానే బాంద్రా తీరానికి దగ్గర్లో సముద్రంలో పడిపోయింది. 213 మంది పోయారు. కో-పైలట్ ముందు ఇంకో పరికరం ఉంది, మధ్యలో మూడోదీ ఉంది. మూడింటినీ పోల్చి చూసుకునే వ్యవధి వాళ్ళకు దొరకలేదు.

నేను లైసెన్స్ తెచ్చుకున్న కొత్తలో ఒక కంపెనీలో నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి. ఒక రాత్రి వచ్చిన విమానం లాగ్ బుక్‌లో, స్టాండ్‌బై హొరైజన్ (విమానం ఎటు వంగి ఉందో చూపే అదనపు పరికరం) ఒక్క క్షణం వంకరగా చూపించి సర్దుకుందని పైలట్ రాశారు. పరీక్షిస్తే అంతా మామూలుగానే ఉంది. "గ్రౌండ్ మీద బాగానే ఉందని రాసి సంతకం పెట్టెయ్, పొద్దున్న ఫస్ట్ ఫ్లైట్ అది" అన్నారు పైనున్నాయన. అలా రాస్తే నిబంధన ప్రకారం ఎవరూ నన్ను తప్పుపట్టేవాళ్ళు కాదు. నాకు అశోక గుర్తొచ్చింది. ప్యానెల్ విప్పి చూస్తే, వెనక కనెక్టర్ సగమే కూర్చుని ఉంది. గట్టిగా కుదిపితే కాంటాక్ట్ పోతోంది. ఆ ఫ్లైట్ నలభై నిమిషాలు లేటైంది, నాకు వివరణ ఇమ్మని కాగితం వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. ఇలాంటివి పేపర్లో రావు. ప్రమాదం జరగని రోజు వెనక ఏముందో ఎవరూ రాయరు.

1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో కూలిన ఎయిర్‌బస్ ఎ320 గురించి మా తరగతిలో రెండు రోజులు పాఠం చెప్పారు. అప్పటికి ఆ రకం మన దేశానికి కొత్త. దిగే సమయంలో కంప్యూటర్ ఒక మోడ్‌లోకి వెళ్ళింది. అందులో ఇంజన్లు దాదాపు ఖాళీగా తిరుగుతాయి, విమానం దిగుతూనే ఉంటుంది, వేగం తగ్గుతూ పోతుంది. పైలట్లు గమనించి పవర్ పెంచారు కానీ, జెట్ ఇంజన్ స్కూటర్‌లా వెంటనే అందుకోదు. దానికి కొన్ని సెకన్లు కావాలి. అవి మిగల్లేదు. గోల్ఫ్ మైదానంలో నేలకు తగిలింది, 146 మందిలో 92 మంది చనిపోయారు. దేశంలో ఉన్న ఎ320లన్నీ కొన్నాళ్ళు నేల మీదే నిలిపేశారు. తప్పు మోడ్ ఎంచుకోవడం పైలట్ల పొరపాటే అనుకుందాం. కొత్త యంత్రం తాను ఏ మోడ్‌లో ఉందో వాళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించేలా చెప్పిందా, ఆ శిక్షణ సరిపోయిందా అన్నవి కూడా అంతే పెద్ద ప్రశ్నలు.

1993 ఏప్రిల్ 26న ఔరంగాబాద్‌లో టేకాఫ్ అవుతున్న బోయింగ్ 737, రన్‌వే చివర రోడ్డు మీద వెళ్తున్న పత్తి బేళ్ళ లారీకి తగిలింది. 55 మంది పోయారు. పైలట్ ఆలస్యంగా లేపారన్నది నిజం. విమానం లేచే చోట లారీలు తిరగనివ్వడమూ నిజమే.

అన్నిటికంటే పెద్దది 1996 నవంబర్ 12, హర్యానాలోని చర్ఖీ దాద్రీ. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ అరేబియా సంస్థ సౌదియా వారి బోయింగ్ 747, ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ ఇల్యూషిన్ విమానం గాల్లో ఢీకొన్నాయి. 349 మంది, ఒక్కరూ మిగల్లేదు. సౌదియాలో గల్ఫ్‌కి పనికి వెళ్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మన జిల్లాల నుంచి కూడా ఎంతోమంది అలాగే వెళ్తారు కాబట్టి అది చదివినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. కంట్రోల్ టవర్ చెప్పింది సరిగ్గానే ఉంది. సౌదియా 14000 అడుగుల వరకే ఎక్కాలి, కజక్ విమానం 15000 దగ్గర ఆగాలి. కజక్ విమానం ఆగకుండా కిందికి వచ్చేసింది. వాళ్ళలో ఇంగ్లిష్‌లో టవర్‌తో మాట్లాడేది రేడియో ఆపరేటర్, విమానం నడిపేది వేరేవాళ్ళు. జస్టిస్ ఆర్.సి. లహోటి నేతృత్వంలో విచారణ జరిగింది.

అక్కడితో ఆగితే మళ్ళీ "పైలట్ తప్పు" అనే తేలుతుంది. కానీ ఆ రోజుల్లో ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడుందో చూపేది గానీ, ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. గగనతలంలో ఎక్కువ భాగం సైన్యం చేతిలో ఉండడంతో వచ్చేవీ పోయేవీ ఒకే దారిలో ఎదురెదురుగా వెళ్ళేవి. రెండు బస్సుల్ని సింగిల్ రోడ్డు మీద ఎదురెదురుగా వదిలి, మధ్యలో వెయ్యి అడుగుల నమ్మకం పెట్టినట్టు. ఆ తర్వాతే ఎత్తు కూడా చూపే రాడార్ వచ్చింది, రాకపోకల దారులు వేరు చేశారు, ఎదురు విమానం వస్తుంటే హెచ్చరించే టీకాస్ అనే పరికరాన్ని మన దేశంలో తప్పనిసరి చేశారు. ఇవాళ మీరు ఢిల్లీ మీదుగా వెళ్తే మిమ్మల్ని కాపాడుతున్నవి ఇవే. వీటి వెనక 349 ప్రాణాలున్నాయి.

మన తెలుగువాళ్ళకు బాగా తెలిసినవి హెలికాప్టర్ ప్రమాదాలు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కైకలూరు దగ్గర చెరువులో పడింది. సరిగ్గా కనిపించని వాతావరణం. 2009 సెప్టెంబర్ 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారితో పాటు మరో నలుగురు నల్లమలలో చనిపోయారు. పుకార్లు ఎన్నో వచ్చాయి. దర్యాప్తులో తేలింది మాత్రం, ఆయిల్ ఒత్తిడి హెచ్చరిక రావడంతో పైలట్లిద్దరూ పుస్తకంలో పరిష్కారం వెతకడంలో మునిగిపోయారని, ఆ చెడు వాతావరణంలో హెలికాప్టర్ మీద అదుపు పోయిందని.

మంగళూరు, 2010 మే 22. దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్. 166 మందిలో 158 మంది పోయారు. కెప్టెన్ చాలాసేపు నిద్రపోయినట్టు రికార్డర్‌లో గురక వినిపించింది. విమానం ఉండాల్సిన దానికంటే ఎత్తులో వచ్చింది. కో-పైలట్ "గో అరౌండ్" అని, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేపమని, మూడుసార్లు చెప్పినా కెప్టెన్ వినలేదు. కొండ మీద చెక్కిన రన్‌వే, చివరన లోయ. నాకు ఈ నివేదికలో అన్నిటికంటే బాధ కలిగించేది ఆ మూడుసార్లు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదని మనం పిల్లలకు నేర్పుతాం. కాక్‌పిట్‌లో అది ప్రాణాలు తీస్తుంది. మా హ్యాంగర్‌లో చేరే కుర్రాళ్ళకు నేను మొదటి రోజే చెబుతాను, నా సంతకం తప్పనిపిస్తే నా ముఖం మీదే అడగమని.

పదేళ్ళకు, 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో మళ్ళీ అలాంటి రన్‌వే మీదే ప్రమాదం. వాన, వెనక నుంచి గాలి, 8858 అడుగుల రన్‌వే మీద విమానం 4438 అడుగులు దాటాక నేలను తాకింది. పైలట్లిద్దరితో సహా 21 మంది చనిపోయారు. పైలట్ విధానాలు పాటించలేదని నివేదిక చెప్పింది. నేను మాత్రం ఆ నివేదికలో వైపర్ గురించి రాసిన పేజీలు దాటి వెళ్ళలేకపోయాను. కెప్టెన్ వైపు వైపర్ ఆ వానలో ఆగిపోయింది. వైపర్ మా పని.

ఇక అహ్మదాబాద్, 2025 జూన్ 12. విమానంలో 241 మంది, కింద 19 మంది చనిపోయారు. రెండు ఇంజన్ల ఇంధన స్విచ్‌లు ఒక సెకను తేడాతో ఆఫ్ అయ్యాయని, ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగితే తాను ఆపలేదని రెండో పైలట్ అన్నాడని ప్రాథమిక నివేదిక చెప్పింది. ఎందుకలా జరిగిందో అందులో లేదు. కాబట్టి నేనూ చెప్పను. టీవీల్లో ఒక మనిషిని దోషిగా నిలబెట్టడం చూస్తే చాలా కోపం వస్తుంది. ఆ ఇంట్లోవాళ్ళు కూడా చూస్తుంటారు కదా.

దర్యాప్తుకు ఇప్పుడు ఏఏఐబీ అనే ప్రత్యేక సంస్థ ఉంది, 2012 నుంచి. అంతకుముందు విమానాలను నియంత్రించే డీజీసీఏ పరిధిలోనే దర్యాప్తులూ ఉండేవి. నివేదికలు ఏఏఐబీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదివితే "కారణం" అన్న పేరా దగ్గర ఆగకుండా చివరనున్న సిఫార్సులు చూడండి. ఎవరెవరు ఏమేం మార్చుకోవాలో అక్కడుంటుంది.

మీ ప్రయాణం సంగతి. సీట్లో కూర్చోగానే దగ్గరి తలుపుకి ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టుకోండి, పొగ కమ్మితే చేత్తో తడుముకుంటూ వెళ్ళాలి. వెనక తలుపు దగ్గరైతే అటే వెళ్ళండి. ఏమైనా జరిగితే పైన పెట్టిన బ్యాగుల కోసం ఆగొద్దు. అమ్మగారి కాళ్ళకు హీల్స్ లేని చెప్పులు వేయించండి.

మా నాన్న 2011లో మొదటిసారి విమానం ఎక్కారు, నాతోనే. రెక్క వెనక కిటికీ సీటు కావాలన్నారు. పైకి లేచాక కిందికీ మేఘాల వైపూ చూడకుండా ఆ పలకల్నే చూస్తూ కూర్చున్నారు. అవి మెల్లగా లోపలికి జరిగి రెక్కలో కలిసిపోయాక నా చెయ్యి తట్టి, "మూసుకున్నాయిరా" అన్నారు.