డివిజన్ 2 కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ దగ్గర్నుంచి చూస్తే ఎలా ఉంటుంది?

"అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే లక్ష మంది పట్టే స్టేడియాలు, టీవీలో హడావిడి. మరి డివిజన్ 2 లాంటి కింది స్థాయి జట్ల సంగతేంటి? అసలెవరైనా చూస్తారా?" అని ఒకరు అడిగారు.

చూస్తారు. నేను చూశాను, అదీ ఒక్క మ్యాచ్ కూడా ఓడని సీజన్.

2016 ఆగస్టులో ఎమ్మెస్‌కని మిస్సోరీలో మేరీవిల్ అనే ఊళ్ళో దిగాను. నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీ. కాన్సస్ సిటీ నుంచి ఉత్తరానికి గంటన్నర దారి, అటూ ఇటూ మొక్కజొన్న, సోయా చేలు. ఊరి జనాభా పన్నెండు వేలకు అటూ ఇటూ, మన దగ్గరైతే ఓ పెద్ద పంచాయతీ. ఆ మేలోనే సన్‌రైజర్స్ ఐపీఎల్ కప్పు కొట్టింది, ఆ మత్తు మా గ్యాంగ్‌కి ఇంకా దిగలేదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతూ దానికి ఫుట్‌బాల్ అని పేరెందుకు పెట్టారని మొదటి వారమంతా నవ్వుకున్నాం.

నన్ను ఈ ఆటలోకి లాగింది మాత్రం స్టేడియం కాదు, ఆమ్లెట్. క్యాంపస్ జాబ్ డైనింగ్ హాల్లో దొరికింది, పొద్దున షిఫ్టు. ఏడింటికల్లా ఒక మనిషి వచ్చేవాడు. నూట ముప్పై కిలోలుంటాడేమో, తలుపు మొత్తం నిండిపోయేది. "ఆరు గుడ్లు, చీజ్ ఎక్కువెయ్" అనేవాడు. రోజూ ఆరే. ప్లేటు తీసుకుని ప్రతిసారీ థాంక్స్ చెప్పేవాడు. శనివారం మ్యాచ్ అయితే సోమవారం కుంటుకుంటూ వచ్చేవాడు, వేళ్ళకి తెల్ల టేపు చుట్టి ఉండేది, ఫోర్కు సరిగ్గా పట్టుకోలేకపోయేవాడు. ఒఫెన్సివ్ లైన్‌లో ఆడతాడని, అంటే బంతి విసిరేవాడి మీదికి ఎవరూ రాకుండా గోడలా నిలబడే పని అని, తర్వాత తెలిసింది. ఆ గోడల పేర్లు మైకులో వినిపించవు. ఎప్పుడైనా వినిపించాయంటే తప్పు చేశారనే లెక్క.

నీకు ఫుల్ స్కాలర్‌షిప్పా అని ఓసారి అడిగేశాను. నవ్వాడు. డివిజన్ 2లో ఒక్కో కాలేజీ 36 పూర్తి స్కాలర్‌షిప్పులకు మించి ఇవ్వకూడదు, జట్టులోనేమో వంద మందికి పైగా ఉంటారు. కాబట్టి ఆ డబ్బుని ముక్కలు చేసి పంచుతారు. ఒకడికి సగం ఫీజు, ఇంకొకడికి పుస్తకాల ఖర్చు, కొందరికి అదీ ఉండదు. పై స్థాయిలో అప్పట్లో ఒక్కో జట్టుకి 85 మందికి పూర్తిగా ఇచ్చేవారు. డివిజన్ 3లో ఆట పేరు మీద పైసా ఇవ్వరు. మా వాడు వేసవిలో రూఫింగ్ పనికి వెళ్ళేవాడట, మిగతాది లోను. ఆ మాటతో మా ఇద్దరి మధ్యా దూరం తగ్గిపోయింది. లోను గురించి మాకు ఒకరు చెప్పాలా!

ఇక ఆట. ఐడీ కార్డు చూపించి లోపలికెళ్ళి కూర్చుంటే మొదటి రెండు మ్యాచ్‌లూ తలా తోకా తెలియలేదు. మూడోసారి పక్కన ఓ రైతు దంపతులు కూర్చున్నారు. ఆవిడ వేళ్ళు లెక్కపెడుతూ చెప్పింది: నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి జరగాలి, జరిగితే మళ్ళీ నాలుగిస్తారు, లేకపోతే బంతి అవతలి వాళ్ళకి. చివరి గీత దాటితే ఆరు పాయింట్లు, కాలితో తన్ని కంబాల మధ్య నుంచి పంపితే మూడు. అంతే, తలుపు తెరుచుకుంది. నాలుగో ప్రయత్నంలో ఒక్క గజం కావాల్సి వస్తే, ఆఖరి ఓవర్ ఆఖరి బంతికి నాలుగు కావాల్సినట్టే ఉంటుంది.

జట్టు చరిత్ర కూడా ఆవిడే చెప్పింది, ఇంట్లో పిల్లల గురించి చెప్పినట్టు. 1994లో మెల్ చర్డ్స్‌మా అనే కోచ్ వచ్చాడు. మొదటి ఏడాది పదకొండుకి పదకొండూ ఓడాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1998లో, పదిహేనుకి పదిహేనూ గెలిచి జాతీయ టైటిల్ తెచ్చాడు. 1999లో స్కోరు సమమై, నాలుగు ఓవర్‌టైమ్‌లు (అదనపు ఆట) ఆడి మళ్ళీ గెలిచారు. ఆ తర్వాత 2005 నుంచి 2008 దాకా వరసగా నాలుగు ఫైనల్స్ ఓడిపోయారు. నాలుగు! 2009లో గెలిచాక గానీ ఊరు ఊపిరి పీల్చుకోలేదట. నేను వచ్చేసరికి కోచ్ ఆడమ్ డోరెల్, 2013లోనూ 2015లోనూ టైటిల్ కొట్టి ఉన్నాడు.

రెగ్యులర్ సీజన్ పదకొండు మ్యాచ్‌లు. లీగులో పన్నెండు జట్లుండేవి కాబట్టి అందరితో ఒక్కోసారి. కాన్సస్, నెబ్రాస్కా, ఓక్లహోమా ఎక్కడికైనా బస్సే, విమానాల్లేవు. నడుమ అక్టోబర్‌లో హోమ్‌కమింగ్, అంటే పాత విద్యార్థులు తిరిగొచ్చే వేడుక. దానికి ముందు శుక్రవారం క్లాసులుండవు, వాకౌట్ డే అంటారు, 1915 నుంచీ ఉన్న ఆచారం. మేం ఆ రోజు బిర్యానీ వండుకుని పడుకున్నాం, అబద్ధమెందుకు.

నాకు నచ్చింది ప్లేఆఫ్స్. అప్పట్లో 28 జట్లు, ఓడితే ఇంటికే. నవంబర్ చివర థాంక్స్‌గివింగ్ పండగ సెలవులకి క్యాంపస్ ఖాళీ. మిగిలింది ఎక్కడికీ వెళ్ళలేని మాలాంటి విదేశీ విద్యార్థులు, ఆడేవాళ్ళు. స్టేడియంలో మాత్రం ఊరు ఊరంతా ఉంది. అల్యూమినియం బెంచీ మీద కూర్చుంటే చలి జీన్స్‌లోంచి ఎముకకి తగిలేది. రైతావిడ నా కాన్వాస్ బూట్లు చూసి ఏమీ అనకుండా వేడినిచ్చే రెండు వార్మర్ ప్యాకెట్లు ఇచ్చి, సాక్సులో పెట్టుకోమంది. అవి పదో తరగతి జామెట్రీ బాక్సులో రబ్బరంత ఉంటాయి, కానీ ఆ రోజు బంగారం.

ఫైనల్ డిసెంబర్ 17న, కాన్సస్ సిటీలో. వేదిక మన భాషలో ఫుట్‌బాల్ ఆడుకునే స్టేడియం, అదో తమాషా. ఓ సీనియర్ అన్న రైడ్ ఇచ్చాడు, దారంతా రోడ్డు మీద ఐసు, గంటకి నలభై మైళ్ళు దాటించలేదు. మంచులో ఆట. ప్రత్యర్థి నార్త్ అలబామా, వెచ్చటి రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళు. 29-3. ఆ మూడూ ఒక్క ఫీల్డ్ గోల్, అంతకుమించి గీత దాటనివ్వలేదు. అంతకు ముందు ఏడాది పదిహేను, ఈ ఏడాది పదిహేను, వరసగా ముప్పై గెలుపులు. నేను అరిచింది తెలుగులోనే, పక్కవాళ్ళకి పర్లేదు. కింద మా ఆమ్లెట్ మనిషి హెల్మెట్ తీసేస్తే తల మీంచి ఆవిరి లేస్తోంది.

డోరెల్ ఆ సీజన్ తర్వాత టెక్సస్‌లో అబిలీన్ క్రిస్టియన్ యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. డిఫెన్స్ చూసుకునే రిచ్ రైట్ హెడ్ కోచ్ అయ్యాడు.

జనవరిలో డైనింగ్ మళ్ళీ తెరిచారు. ఏడింటికి అతనొచ్చాడు. అతనికది ఆఖరి సీజన్, మేలో డిగ్రీ, ఆ తర్వాత స్కూల్లో టీచరు ఉద్యోగం వెతుక్కోవాలి. నేను అలవాటుగా ఆరు గుడ్లు తీసి పెట్టాను.

"రెండు చాలు మ్యాన్," అన్నాడు. "డాక్టరు తగ్గమన్నాడు."

నాలుగు తిరిగి ట్రేలో పెట్టాను.