లినక్స్‌లో షేర్ చేసిన ప్రింటర్ పక్క కంప్యూటర్‌లో ఎందుకు కనిపించదు?

ప్రింటర్ తగిలించిన కంప్యూటర్‌లో షేరింగ్ ఆన్ కాకపోవడమో, ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను ఆపే కాపలా) అడ్డుకోవడమో దీనికి మామూలు కారణం. లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ (CUPS) సర్వీసు మొదట్లో తన కంప్యూటర్ మాటే వింటుంది, బయటివాటిని దగ్గరికి రానివ్వదు.

హన్మకొండలో ఓ జిరాక్స్ షాపు అనుకోండి: కౌంటర్ కంప్యూటర్‌కు యూఎస్‌బీ ప్రింటర్, లోపల డీటీపీ కంప్యూటర్. కౌంటర్ దాంట్లో బ్రౌజర్ తెరిచి అడ్రస్ దగ్గర localhost:631 కొట్టి, అడ్మినిస్ట్రేషన్‌లో షేరింగ్ టిక్ పెట్టాలి. ఆ ప్రింటర్‌కు విడిగా ఇంకో షేర్ ఆప్షన్ ఉంటుంది. దాన్ని తప్పక చూడండి. ఫైర్‌వాల్‌లో టీసీపీ 631 పోర్టు (కనెక్షన్ వచ్చే ద్వారం) తెరవాలి, ప్రింటర్ పేరు దానంతటదే కనిపించాలంటే యూడీపీ 5353 పోర్టు కూడా.

లోపలి కంప్యూటర్‌లో డ్రైవర్ మళ్లీ ఎక్కిస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. పేరే కనిపించనప్పుడు తేడా డ్రైవర్‌లో కాదు, రెండు కంప్యూటర్ల మధ్య దారిలో ఉంది.