ఈక్వేషన్లతో త్రీడీ బొమ్మలు చేద్దామనుకుంటున్న మా అల్లుడికి

అల్లుడూ,

త్రీడీ మోడలింగ్ కోర్సుకి అమీర్‌పేట్‌లో ఫీజు కట్టబోతున్నావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కాస్త ఆగరా. మౌస్‌తో లాగి బొమ్మలు చేయడం తప్పని నేననను, కానీ నీకు లెక్కలొచ్చు, పైథాన్ వచ్చు, కోడ్ రాసి షేపులు పుట్టించే దారి నీకు దగ్గర, పైగా పైసా ఖర్చు లేదు. కోడ్ రాస్తే షేప్ చేసిచ్చే ఓపెన్‌స్కాడ్ ఫ్రీ, పైథాన్ ఫ్రీ, త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ కూడా ఫ్రీయే.

ముందు ఒక్కటి బుర్రకెక్కించుకో. షేప్ అంటే పైన కనిపించే తొక్క కాదు, ఏ పాయింట్ ఇచ్చినా అది లోపలుందా బయటుందా అని చెప్పే రూలు. ఇంటర్‌లో లోకస్ చేశావుగా, అదే, ఇంకో అడుగు ముందుకి. గోళం కావాలంటే ఎక్స్ స్క్వేర్, వై స్క్వేర్, జెడ్ స్క్వేర్ కలిపి రూట్ తీసి రేడియస్ తీసేయ్. మైనస్ వస్తే లోపల, ప్లస్ వస్తే బయట, సున్నా వస్తే సరిగ్గా అంచు మీద. దీన్ని సైన్డ్ డిస్టెన్స్ ఫంక్షన్ అంటారు. ఇక రెండు షేపులు కలపాలంటే మిన్, రెండిట్లో కామన్ భాగం కావాలంటే మాక్స్, ఒకదాన్ని ఇంకోదాంతో తొలచాలంటే రెండోదాని గుర్తు తిప్పి మాక్స్. ఇంత చిన్న లెక్కతో ఎంత పని జరుగుతుందో చేస్తే గానీ నమ్మవు.

మొదటి ప్రాజెక్టుకి ఇంటర్నెట్‌లో దొరికే కప్పు, స్పానర్ వద్దు. ఒక ఆదివారం కుతుబ్ షాహీ టూంబ్స్‌కి పోయి ఒక గుమ్మటాన్ని పక్కనుంచి ఫోటో తీసుకో. కింద మెడలా సన్నబడి, పైన ఉబ్బి, మళ్ళీ మొనకి చేరుతుంది కదా, ఆ ఎత్తుకి వ్యాసార్థం ఎంత అని ఒక ఫంక్షన్‌గా రాయి, ఓపెన్‌స్కాడ్‌లో ఆ గీతని అక్షం చుట్టూ తిప్పి బొమ్మ చేసే రొటేట్ ఎక్స్‌ట్రూడ్‌కి ఇచ్చేయ్, గుమ్మటం వచ్చేస్తుంది. ప్రొఫైల్ మొత్తం నిలువు అక్షానికి ఒకే పక్కన ఉండాలి, దాటితే ఎర్రర్ కొడుతుంది. అసలు మజా మెడ దగ్గర రేకుల వరుసలో ఉంది. అక్కడ వ్యాసార్థం కోణాన్ని బట్టి కూడా మారుతుంది, ఉత్తగా తిప్పితే రాదు, వ్యాసార్థాన్ని (ఒకటి ప్లస్ ఒక చిన్న సంఖ్య ఇంటూ కాస్ ఎన్ తీటా)తో గుణించాలి, ఎన్ అంటే రేకుల సంఖ్య, తీటా అంటే కోణం. ఇక్కడే ఈక్వేషన్ నీకు ఎందుకు కావాలో అర్థమవుతుంది. నంబర్లన్నీ పైన వేరియబుల్స్‌గా పెట్టుకో, మధ్యలో ఎక్కడా 37 అని రాసి వదిలేయకు, వారం తర్వాత ఆ 37 ఏంటో నీకే తెలీదు.

తర్వాత గైరాయిడ్ పట్టు, అంటే మూడు దిక్కుల్లోనూ మెలికలు తిరుగుతూ రిపీట్ అయ్యే ఒక ఉపరితలం. సైన్ ఎక్స్ కాస్ వై ప్లస్ సైన్ వై కాస్ జెడ్ ప్లస్ సైన్ జెడ్ కాస్ ఎక్స్ ఈక్వల్ టు సున్నా, దాదాపుగా అంతే. 1970లో నాసాలో పనిచేసిన అలన్ షోయన్ దీన్ని వివరించాడు, ఇవాళ మోడల్‌ని పొరలుగా కోసి ప్రింటర్‌కి ఇచ్చే స్లైసర్ సాఫ్ట్‌వేర్లలో ఇన్‌ఫిల్‌గా, అంటే బొమ్మ లోపల నింపే అల్లికగా కూడా ఉంది. ఒక తిరకాసు చూడు, ఓపెన్‌స్కాడ్ సైన్ డిగ్రీల్లో తీసుకుంటుంది, పైథాన్ లెక్కల లైబ్రరీ నంపై రేడియన్లలో. పది మిల్లీమీటర్లకోసారి రిపీట్ కావాలంటే ఎక్స్, వై, జెడ్‌లని ఓపెన్‌స్కాడ్‌లో 36తో గుణించాలి, నంపైలో రెండు పై బై పదితో.

ఈ రూలుని త్రిభుజాల మెష్‌గా మార్చేది మార్చింగ్ క్యూబ్స్, 1987 నాటి లోరెన్సెన్, క్లైన్‌ల పద్ధతి, సైకిట్ ఇమేజ్ అనే పైథాన్ లైబ్రరీలో రెడీగా ఉంది. స్పేస్‌ని గళ్ళు చేసి ప్రతి గడి మూలలు లోపలా బయటా చూస్తుంది. పక్కకి 100 పాయింట్లు పెడితే మొత్తం పది లక్షలు, 200 పెడితే ఎనభై లక్షలు, కాబట్టి ట్రయల్‌కి 40తోనే చూడు, ల్యాప్‌టాప్ ఫ్యాన్ మొత్తుకుంటే నన్ను తిట్టకు. గ్రిడ్ ఎప్పుడూ షేప్ కన్నా కొంచెం పెద్దదిగా ఉండాలి, గైరాయిడ్‌ని పెట్టెతో మాక్స్ చేసి కోయాలి, లేదంటే అంచుల్లో మెష్ తెరుచుకుపోయి స్లైసర్ గోల చేస్తుంది.

ఇంకోటి, సున్నా దగ్గరి ఉపరితలానికి మందం లేదు, మందం లేనిది ప్రింట్ కాదు. ఫంక్షన్ ఆబ్సల్యూట్ వాల్యూ తీసి ఒక చిన్న సంఖ్య తగ్గించు, గోడ వస్తుంది. కానీ గైరాయిడ్ ఫంక్షన్ అసలు దూరం కాదు, నువ్వు 0.3 అంటే 0.3 మిల్లీమీటర్లు కాదు. మెష్‌లో కొలిచి చూసుకో, ప్రింటర్ నాజిల్ 0.4 మిల్లీమీటర్లయితే గోడ కనీసం 0.8 అయినా ఉండాలి. మెష్‌ని సేవ్ చేసే ఎస్‌టీఎల్ ఫైల్లో యూనిట్లు ఉండవు, మీటర్లలో రాసి పంపావంటే స్లైసర్ దాన్ని మిల్లీమీటర్లనుకుని చీమంత చూపిస్తుంది.

ప్రింటర్ కొనమని ఇంట్లో అడగకు ఇప్పుడే. రాయదుర్గంలో టీ-వర్క్స్ అనే ప్రోటోటైపింగ్ సెంటర్ ఉంది, 2023లో తెరిచారు, ముందు ఫోన్ చేసి వెళ్ళి అక్కడ మెషీన్లు చూసి మాట్లాడి రా. గుమ్మటం మొదటి వెర్షన్ అయ్యాక నాకు ఎస్‌టీఎల్ పంపకు, కోడ్ పంపు, రేకుల దగ్గర ఎలా రాశావో చూడాలి.

మీ మామ