ఓపెన్ సోర్స్ కోర్సు ప్లాన్ చేయమన్నారు, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా యూనివర్సిటీ, ఇంకో యూనివర్సిటీ కలిసి వచ్చే సెమిస్టర్‌లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చుకోగలిగేది) మీద ఉమ్మడి కోర్సు పెడుతున్నాయి. విద్యార్థుల తరఫున నన్ను ప్లానింగ్ టీమ్‌లోకి తీసుకుని, సిలబస్ ముసాయిదా రాసి తెమ్మన్నారు. ఒకపక్క ప్లేస్‌మెంట్స్ టెన్షన్. ఒప్పుకోవచ్చా? ఒప్పుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఒప్పుకోమ్మా. ప్లేస్‌మెంట్స్ సంగతి తర్వాత చెప్తాను. ముందు కోర్సు గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే ఇది బాగా కుదిరితే నీ రెండో బెంగ సగం తీరిపోతుంది.

సిలబస్ రాయమనగానే మామూలుగా ఏం జరుగుతుందంటే, మొదటి యూనిట్ చరిత్ర, రెండోది లైసెన్సులు, మూడోది గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే టూల్), చివరి నాలుగు వారాలు ‘ప్రాజెక్ట్ వర్క్’ అని రాసేస్తారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటించడం, 1991లో హెల్సింకీ యూనివర్సిటీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టడం, 1998లో ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరు వాడుకలోకి రావడం, ఇవన్నీ పిల్లలకు తెలియాల్సినవే, కానీ వాటికి ఒక్క వారం చాలు. కోర్సు మునిగేది ఆ చివరి నాలుగు వారాల దగ్గర.

నా దగ్గరికి సలహాకి వచ్చే ఒక కుర్రాడు ఇలాంటి కోర్సే చేశాడు. అతను ఎంచుకున్న చిన్న కమాండ్‌లైన్ టూల్‌లో, ఫైల్ పేరు మధ్య ఖాళీ ఉంటే ప్రోగ్రామ్ ఆగిపోతోంది. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది, దిద్దింది మూడే మూడు లైన్లు. పుల్ రిక్వెస్ట్ (నా మార్పును మీ కోడ్‌లో కలుపుకోండి అనే అభ్యర్థన) పంపాడు. తొమ్మిది రోజులు ఉలుకూ పలుకూ లేదు. పదో రోజు మెయింటెయినర్ (ప్రాజెక్టును చూసుకునే మనిషి) నుంచి రెండు వాక్యాలు వచ్చాయి: దీనికి టెస్ట్ (మార్పు సరిగ్గా పనిచేస్తోందో చూసే కోడ్) రాయండి, స్పేసింగ్ సరిచేసిన లైన్లను వేరే కమిట్‌గా (విడిగా నమోదయ్యే మార్పుగా) విడదీయండి. అప్పటిదాకా అతనికి టెస్ట్ రాయడం తెలియదు, నేర్చుకుని రాసేసరికి ఇంకో వారం. మళ్లీ పంపిన ఆరు రోజులకు మెర్జ్ అయింది (అసలు కోడ్‌లో కలిసింది) గానీ ఈలోపు పరీక్షలు అయిపోయాయి, ‘ప్రాజెక్ట్ పూర్తి కాలేదు’ అని మార్కులు కోసేశారు. టెస్ట్ రాయడం, ముక్కూ మొహం తెలియని మనిషి చెప్పిన మాట విని పనిని సరిచేసుకోవడం అతను నేర్చుకున్నది ఆ వారాల్లోనే, వాటికి మాత్రం ఒక్క మార్కూ రాలేదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే మార్కుల పద్ధతి ముందు రాయి, పాఠాలు తర్వాత. మెర్జ్ అయిందా లేదా అన్నదానికి మార్కులు పెట్టకూడదు, అది విద్యార్థి చేతిలో ఉండదు. బగ్‌ను తన మెషీన్‌లో మళ్లీ చూపించగలిగాడా, ఇష్యూలో (ప్రాజెక్టుకు తప్పును తెలిపే నోట్‌లో) స్పష్టంగా రాశాడా, రివ్యూలో అడిగినదానికి ఏం మార్చాడు, తోటి విద్యార్థి ప్యాచ్‌ను (పంపబోయే మార్పును) ఎంత శ్రద్ధగా చదివాడు, వీటికి పెట్టండి. పదహారు వారాల సెమిస్టర్ అనుకుంటే మొదటి ప్యాచ్ అయిదో వారం దాటకుండా బయటికి వెళ్లిపోవాలి. అది డాక్యుమెంటేషన్‌లో తప్పు కమాండ్‌ను సరిచేయడమే అయినా పరవాలేదు. జవాబు కోసం ఆగే రోజుల్లో లైసెన్సుల పాఠం, టెస్టింగ్ పాఠం, ఒకరి కోడ్ ఇంకొకరు చూసే ల్యాబ్ పెట్టుకోవచ్చు.

ప్రాజెక్టుల ఎంపిక సెమిస్టర్ మొదలయ్యాక చేసే పని కాదు. ఇప్పుడే ఒక పది ప్రాజెక్టులు తీసుకుని, ఈ మూడు నెలల్లో కొత్తవాళ్లు పంపిన పుల్ రిక్వెస్టులకు ఎన్ని రోజుల్లో జవాబిచ్చారో నువ్వే కూర్చుని చూడు. ప్రాజెక్టు నచ్చినవాళ్లు పెట్టే స్టార్లు ఎన్ని ఉన్నాయన్నది పట్టించుకోకు. మామూలు ల్యాప్‌టాప్‌లో బిల్డ్ అవుతుందా (కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్ తయారవుతుందా) అన్నది కూడా చూడాలి, లిబ్రెఆఫీస్ లాంటి పెద్ద ప్రాజెక్టును మొదటిసారి బిల్డ్ చేయడానికే గంటలు పడుతుంది, దాంతో క్లాసులో సగం మంది అక్కడే ఆగిపోతారు. ఇద్దరే మెయింటెయినర్లు ఉన్న ప్రాజెక్టు మీదికి నలభై మందిని పంపడం మాత్రం దయచేసి చేయొద్దు. ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపమని ఏటా అక్టోబర్‌లో జరిపే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో టీషర్ట్ కోసం పనికిరాని పుల్ రిక్వెస్టులు వరదలా వచ్చిపడ్డాయి, చివరికి ముందుగా సరేనన్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వచ్చేలా నిర్వాహకులు నియమం మార్చాల్సి వచ్చింది. 2021లో మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు కావాలనే లోపాలున్న ప్యాచ్‌లను లినక్స్ కెర్నల్‌కు (ఆ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగానికి) పంపి చూశారని తేలాక, ఆ యూనివర్సిటీ నుంచి వచ్చే మార్పులనే కొన్నాళ్లు తీసుకోలేదు. ఆ ప్రయోగంతో ఏ సంబంధమూ లేనివాళ్లు కూడా ఇబ్బంది పడ్డారు. మీ కోర్సుకు రెండు యూనివర్సిటీల పేర్లు ఉంటాయని గుర్తుపెట్టుకో. ఏఐతో రాయించిన కోడ్ విషయంలో ప్రాజెక్టుకో నియమం ఉంటుంది, లినక్స్ రకాల్లో ఒకటైన జెంటూ 2024లో అలాంటి వాటిని వద్దనేసింది. పంపే ముందు ఆ నియమం చదవాలని సిలబస్‌లోనే రాసేయండి.

ఇక రెండు యూనివర్సిటీలు కలవడం. అసలు తలనొప్పి ఇక్కడే, పాఠాల్లో కాదు. ఒకరి సెమిస్టర్ రెండు వారాలు ముందు మొదలవుతుంది, ఒకరు నాలుగు క్రెడిట్లు ఇస్తే ఇంకొకరు రెండే ఇస్తారు. క్యాలెండర్లు రెండూ పక్కపక్కన పెట్టి, ఇద్దరికీ క్లాసులున్న వారాలనే ఉమ్మడి పనికి ఉంచండి. టీమ్‌లో రెండు వైపుల వాళ్లూ కలిసి ఉండాలి, లేకపోతే అది పేరుకే ఉమ్మడి కోర్సు. సిలబస్‌నే ఒక రెపోలో (ఫైళ్లనూ వాటి మార్పుల చరిత్రనూ ఉంచే చోట) పెట్టి, మార్పులేవైనా పుల్ రిక్వెస్ట్ ద్వారానే రావాలని ప్రొఫెసర్లను కూడా ఒప్పించు. వాళ్లకి మొదట్లో చిరాకు అనిపిస్తుంది, కానీ అవతలి యూనివర్సిటీ సర్ ఒక అసైన్‌మెంట్ ఎందుకు తీసేశారో మూడు నెలల తర్వాత చూసుకోవాలన్నా అక్కడ దొరుకుతుంది. పాఠాలకు సీసీ బై-ఎస్‌ఏ (పేరు చెప్పి, అదే లైసెన్స్‌తో ఎవరైనా వాడుకోవచ్చనేది) లాంటి లైసెన్స్ ఏదో ఒకటి మొదటి రోజే పెట్టేయండి.

ఆఫీసుల దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోవాల్సినవి రెండు ఉన్నాయి. విద్యార్థి రాసిన కోడ్ మీద హక్కు ఎవరిది, ఇది తేలకపోతే అతను సైన్డ్-ఆఫ్-బై (ఈ కోడ్ పంపే హక్కు నాకుంది అని చెప్పే లైన్) అని ధైర్యంగా సంతకం పెట్టలేడు. రెండోది పేరు. బయటికి వెళ్లిన కమిట్‌లో పేరు, ఈమెయిల్ ఎప్పటికీ ఉండిపోతాయి, ఇష్టం లేనివాళ్లకు ప్రాజెక్టు ఒప్పుకుంటే మారుపేరు, కోర్సుకోసం వేరే ఈమెయిల్ వాడుకునే వీలుండాలి. మార్కులు మాత్రం ఎప్పుడూ పబ్లిక్ రెపోలోకి రాకూడదు.

ఇప్పుడు నీ సంగతి. ‘ఓపెన్ సోర్స్ మీద ఆసక్తి’ అని రెజ్యూమేలో చాలామంది రాస్తారు, ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాన్ని దాటుకుని వెళ్లిపోతారు. నువ్వు మాత్రం ఒక లింక్ ఇచ్చి, ఈ నియమం నేనే ప్రతిపాదించాను, ఒకరు ఒప్పుకోలేదు, ఇలా సర్దుబాటు చేసుకున్నాం అని చూపించగలవు. ఓపెన్ సోర్స్ పని నేర్పే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, అవుట్‌రీచీ లాంటి కార్యక్రమాలకు దరఖాస్తు చేసేటప్పుడు కూడా ఇది పనికొస్తుంది, అక్కడ మెంటార్లు ముందుగా ఆ ప్రాజెక్టులో ఏం చేశావో చూస్తారు. అయితే వారానికి ఆరేడు గంటలకు మించి ఇవ్వను అని మొదటి మీటింగ్‌లోనే చెప్పు. నోట్స్ టైప్ చేయడం, మీటింగులు పెట్టడం లాంటి పనులన్నీ నీ మీదే పడేస్తుంటే మొహమాటపడకుండా పంచమని అడుగు. కోడింగ్ ప్రాక్టీస్ గంటలు వీటి కోసం తగ్గించుకోకు.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. నచ్చిన మూడు ప్రాజెక్టుల మెయింటెయినర్లకు, సర్‌తో చెప్పి, ఇలా రాయి: ‘మా కోర్సులో ఆరుగురు విద్యార్థులు ఫలానా నెల నుంచి మీ ప్రాజెక్టులో పనిచేయాలనుకుంటున్నారు. మీకు పంపే ముందు ప్రతి ప్యాచ్‌నూ మేమే ఒకసారి చూస్తాం. మీకు ఇది ఇబ్బందా? ఇబ్బంది కాకపోతే ఎలాంటి పనులు ఇవ్వగలరు?’ రెండు వారాల్లో ఏ జవాబూ రాకపోతే ఆ ప్రాజెక్టును పక్కన పెట్టి ఇంకోదానికి రాయి. వద్దు అన్నవాళ్లకు థాంక్స్ చెప్పు. సరే అన్నవాళ్లు ఏ పనులు చెప్తారో, నీ ముసాయిదాలో ఆరో వారం నుంచి ఆ పనులే రాసుకుంటూ వెళ్లు.