సూత్రాలు నోటికి వచ్చు, ఏది వేయాలో తోచడం లేదు

ప్రశ్న: చిత్తూరులో బీఎస్సీ స్టాటిస్టిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. బైనామియల్, పాయిజాన్ వంటి సంభావ్యత సూత్రాలన్నీ వచ్చు. లెక్క ఇస్తే మాత్రం ఏది వేయాలో తోచడం లేదు. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాయాలనుంది. ఈ ఒక్క చాప్టర్‌కి ఎక్కువ సమయం కేటాయించాలా?

జవాబు: కేటాయించండి. జామ్ మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపర్లో జవాబును అంకెల్లో టైప్ చేయాల్సిన ప్రశ్నలూ ఉంటాయి. ఆప్షన్లు చూసి సరిచూసుకునే వీలుండదు. యాక్చువరీ (బీమా లెక్కల నిపుణుల) పరీక్షల్లోని సీఎస్1 పేపర్‌కీ, ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కీ కూడా పునాది ఇదే.

సూత్రం జోలికి వెళ్లేముందు దేన్ని, ఎలా లెక్కపెడుతున్నారో చూడండి. ఎన్ని ప్రయత్నాలో ముందే తెలిసి, ప్రతిసారీ అవకాశం మారకుండా, ఒక ఫలితం ఇంకోదాన్ని తాకకుండా ఉంటే బైనామియల్. మొదటి గెలుపు దాకా ఎన్నిసార్లు అంటే జామెట్రిక్. దీనికి కొన్ని పుస్తకాలు ప్రయత్నాలను, కొన్ని ఓటములను లెక్కిస్తాయి. సగటులో 1 తేడా వస్తుంది, చూసుకోండి.

ఎక్కువమంది జారేది బైనామియల్ దగ్గరే. బుట్టలో 20 తోతాపురి కాయలు, వాటిలో 2 పుచ్చువి. అయిదు తీస్తే అన్నీ మంచివే అయ్యే సంభావ్యత ఎంత? 0.9ని అయిదుసార్లు గుణించి 0.5905 అని రాసేస్తారు. తీసిన కాయ తిరిగి బుట్టలో పడలేదు, కాబట్టి అవకాశం ప్రతిసారీ మారుతోంది. ఇది హైపర్‌జామెట్రిక్: 18లోంచి 5 ఎంచే 8,568 విధాలను, 20లోంచి 5 ఎంచే 15,504తో భాగిస్తే 0.5526. గుజ్జు ఫ్యాక్టరీకి వచ్చిన లారీ లోడులోంచి అయిదే తీస్తే మాత్రం ఈ తేడా దాదాపు కనబడదు, బైనామియల్ సరిపోతుంది.

ఒక వ్యవధిలో విడివిడిగా జరిగే ఘటనలు ఎన్ని అని లెక్కపెట్టే పాయిజాన్‌లో తప్పు లామ్డాతో, అంటే ఆ వ్యవధికి ఉండే సగటుతో వస్తుంది. అయిదు నిమిషాలకు సగటున 3 ఫోన్లు అని ఇచ్చి, పది నిమిషాల్లో ఒక్కటీ రాని సంభావ్యత అడుగుతారు. లామ్డా 6 కావాలి, జవాబు 0.0025. మూడుతోనే వేస్తే 0.0498, అంటే ఇరవై రెట్లు ఎక్కువ.

ఇంకో సంగతి పుస్తకంలో సులభంగా దొరకదు. తిరుపతి బస్టాండులో అయిదేసి నిమిషాలకు ఎంతమంది దిగారో లెక్కపెడితే అది పాయిజాన్ కాదు. బస్సు ఆగగానే నలభై మంది ఒక్కసారే దిగుతారు, ఒకరి రాక ఇంకొకరితో ముడిపడి ఉంది. పాయిజాన్‌లో సగటు, వేరియన్స్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) సమానం. ఇక్కడ వేరియన్స్ సగటును ఎన్నో రెట్లు దాటిపోతుంది. అలాంటప్పుడు నెగటివ్ బైనామియల్ వైపు చూడాలి.

ఒక ఆదివారం బస్టాండులో 3 గంటల 20 నిమిషాలు కూర్చుని, అయిదేసి నిమిషాలకు ఒకటి చొప్పున 40 సార్లు లెక్కపెట్టండి. వచ్చిన బస్సులకు ఒక పట్టిక, దిగిన మనుషులకు ఒక పట్టిక. రెండింటికీ సగటు, వేరియన్స్ కట్టండి. వేరియన్స్‌కు 39తో భాగించాలి, 40తో కాదు. తర్వాత రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి, పాయిజాన్ ఏ పట్టికకు దగ్గరగా ఉందో మీరే తేల్చండి.