స్నాప్‌ను ముందే పసిగట్టడం అదృష్టమా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో సెంటర్ అనే ఆటగాడు నేల మీది బంతిని వెనక్కి అందిస్తే ఆట మొదలవుతుంది, అదే స్నాప్. డిఫెన్స్, అంటే అవతలి జట్టును అడ్డుకునే ఆటగాళ్లు, బంతి కదిలే ఆ క్షణానికే దూకడం అదృష్టమేనా అని అడిగారు. ముమ్మాటికీ కాదు. మా అబ్బాయి ఒహాయోలో హైస్కూలు జట్టుకు డిఫెన్సివ్ టాకిల్‌గా, అంటే డిఫెన్స్ ముందు వరస మధ్యలో, ఆడుతున్నాడు. బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ స్నాప్‌కు ముందు వేసే అరుపులను వాడు అసలు పట్టించుకోడు. ఆ అరుపుల్లో సగం డిఫెన్స్‌ను మోసగించి, రెండు జట్లను విడదీసే గీతను స్నాప్‌కు ముందే దాటించడానికే. ఆ విద్యలో పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోజర్స్‌ను మించినవారు లేరు. మావాడి కళ్లు సెంటర్ చేతి మీదే ఉంటాయి.

నిరుడు ఒక శుక్రవారం రాత్రి మ్యాచ్‌లో ప్రత్యర్థులకు నాలుగో డౌన్, అంటే పది గజాలు సాగడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో చివరిది, కావలసింది ఒక్క గజం. వాళ్ల సెంటర్‌కు ఒక అలవాటు ఉంది. బంతి అందించే ముందు వేళ్లు బిగిస్తాడు, వేళ్ల కణుపులు తెల్లబడతాయి. మూడో క్వార్టర్ కల్లా మావాడు అది కనిపెట్టేశాడు. బంతి నేల విడిచిందో లేదో, సెంటర్ పక్కనుండే గార్డు ఇంకా లేవకముందే సందులోంచి దూరిపోయాడు. ఈల వినిపించేసరికి క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉన్నాడు. మేమంతా లేచి కేకలు వేస్తుంటే రిఫరీ తప్పు జరిగిందని పసుపు గుడ్డ విసిరాడు. ఎన్‌క్రోచ్‌మెంట్ అట, అంటే స్నాప్‌కు ముందే గీత దాటడం! శిక్షగా వాళ్లకు అయిదు గజాలు, దాంతో ఫస్ట్ డౌన్, అంటే మళ్లీ కొత్తగా నాలుగు ప్రయత్నాలు. మరో తండ్రి తీసిన వీడియోను ఆపి ఆపి చూశాం. బంతి కదిలాకే మావాడి చేయి లేచింది. పిల్లవాడు అంత వేగంగా కదలగలడని నమ్మలేక తప్పు అంటగట్టారు. మామూలు హైస్కూలు మ్యాచ్‌ల్లో వీడియో చూసి తీర్పు మార్చే వీలు కూడా ఉండదు. పైగా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎవరినీ తాకకుండా, ఎవరినీ కదిలించకుండా గీత దాటినవాడు స్నాప్‌లోగా వెనక్కి రావచ్చు. హైస్కూల్లో దాటితే అక్కడికక్కడే తప్పు.

ఊహించి దూకేవాళ్లూ లేకపోలేదు. 2025 జనవరిలో ఫిలడెల్ఫియాలో జరిగిన ఎన్‌ఎఫ్‌సీ (ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఫైనల్లో గోల్ గీత ముందు వాషింగ్టన్ ఆటగాడు ఫ్రాంకీ లువూ స్నాప్‌కు ముందే మళ్లీ మళ్లీ ప్రత్యర్థుల మీదుగా ఎగిరాడు. ఇలాగే కొనసాగితే ఫిలడెల్ఫియా జట్టు ఈగల్స్‌కు స్కోరు ఇచ్చేస్తామని రిఫరీ హెచ్చరించాల్సి వచ్చింది. అదీ ఊహ అంటే. దానికి భిన్నంగా 2010లో టెనెసీ మీద పిట్స్‌బర్గ్ సేఫ్టీ (డిఫెన్స్‌లో వెనక నిలబడే ఆటగాడు) ట్రాయ్ పొలమాలు చేసింది చూడండి. సరిగ్గా స్నాప్ క్షణానికి లైన్ మీదుగా ఎగిరి క్వార్టర్‌బ్యాక్ కెర్రీ కాలిన్స్‌ను అక్కడే పట్టేశాడు. అలాంటి పని చూపు లేకుండా జరగదు.

మన తెలుగువాళ్ల విందుల్లో ఎవరో ఒకరు "అది తలలు ఢీకొట్టుకునే ఆట కదండీ" అని కొట్టిపారేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. ఒక జట్టు వరుస ప్రయత్నాలను ఒక్కసారైనా మనసు పెట్టి చూస్తే ఆ మాట అనరు.

ఈసారి హోరెత్తే స్టేడియంలో మ్యాచ్ జరుగుతుంటే మీరు క్వార్టర్‌బ్యాక్‌ను వదిలేసి సెంటర్‌ను చూడండి. అరుపులు వినబడవు కాబట్టి పక్కనున్న గార్డు అతన్ని తడతాడు, కాస్త ఆగి బంతి కదులుతుంది. ఆ విరామం ప్రతిసారీ ఒకేలా ఉంటే చివర నిలబడిన డిఫెన్సివ్ ఎండ్ దాన్ని లెక్కగట్టేస్తాడు. అందుకే మంచి జట్లు దాన్ని మారుస్తూ ఉంటాయి.