పిట్టల లెక్కకు పోతున్న మేనకోడలికి

చిరంజీవి పాపకు మామ ఆశీస్సులు.

మోకాళ్లు నా మాట వినడం మానేశాయి. టీవీఎస్ మీద పదిహేను కిలోమీటర్ల గుంతల దారి ఇంక నావల్ల కాదు. ఈ ఏడు నుంచి మన రూట్లో పిట్టల లెక్క నీదే. ఫోన్‌లో చెబితే "అదెంత పని మామా, ఒక్క పొద్దే కదా" అన్నావు. నిజమే, ఒక్క పొద్దే. కానీ ఆ పొద్దున చేసిన తప్పు తొమ్మిదేళ్ల లెక్కను పాడు చేస్తుంది. నేనే ఒకసారి పాడు చేశాను. ఆ సంగతి తర్వాత చెబుతా.

ఏ రోజు పోవాలో ముందు తెలుసుకో. మే నెలాఖరుకల్లా చలికాలం చుట్టాలన్నీ వెళ్లిపోయి ఉంటాయి. జొన్నచేల మీద మబ్బులా వాలే గులాబి గోరింకలు ఆపాటికి మధ్య ఆసియాలో గూళ్ల పనిలో ఉంటాయి. అప్పుడు మన చేలల్లో కూసే పిట్ట దాదాపుగా ఇక్కడ పిల్లలు చేసే పిట్టే. రోహిణి కార్తెలో పోవద్దు, ఏడు గంటలకే అన్నీ నీడ చూసుకుని నోరు మూసుకుంటాయి. మృగశిరలో ఒక వాన పడనీ. నెమళ్లు, గడ్డిలో పూరేళ్లు అప్పుడు గొంతు విప్పుతాయి. చాతకం కూడా తొలకరికి కాస్త అటూ ఇటుగా వినిపిస్తుంది. వాన చుక్క తప్ప తాగదని మీ అమ్మమ్మ చెప్పేది కదా, అది నిజం కాదు. దాని గుడ్లు వేరే పిట్టల గూళ్లలో ఉంటాయన్నది మాత్రం నిజం.

గాలి చూసుకో. రామగిరి, కళ్యాణదుర్గం మిట్టల మీద గాలిమరలు ఊరకే పెట్టలేదు. జూన్‌లో గాలి లేచిందంటే పక్క చేలో కౌజు కూసినా వినపడదు. తుమ్మ కొమ్మలు గట్టిగా ఊగుతుంటే ఇంటికి తిరిగొచ్చెయ్, ఇంకో రోజు పోవచ్చు. పెట్రోలు దండగని లెక్క పూర్తి చేసుకు రావద్దు.

ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. పురుగుమందులకు పిట్టలు రాలిపోతున్నాయన్న దిగులుతో 1966లో అమెరికాలో మొదలుపెట్టారు. అక్కడ ఒక రూటు దాదాపు 40 కిలోమీటర్ల పల్లె రోడ్డు. దాని మీద 50 స్టాపులు, ఒక్కో స్టాపులో 3 నిమిషాలు. చుట్టూ 400 మీటర్ల లోపల చూసినవి, విన్నవి రాసుకోవాలి. పొద్దు పొడవడానికి అరగంట ముందే మొదటి స్టాపు. మన ఎండకు యాభై స్టాపులు ఎక్కడ కుదురుతాయి? నేను 20 పెట్టుకున్నాను, స్టాపుకూ స్టాపుకూ 800 మీటర్లు. 5.20కి మొదటి స్టాపులో నిలబడితే ఏడున్నరకు ఇంట్లో ఉంటావు. మూడు నిమిషాలకు ఫోన్‌లో అలారం పెట్టుకో. మనసులో లెక్కపెడితే పిట్టలున్నచోట మూడు నిమిషాలు ఐదవుతాయి, లేనిచోట రెండవుతాయి. అందరికీ అంతే.

తమ్ముణ్ని వెంట తీసుకుపో. వాడు రాస్తాడు, నువ్వు చూడు. వాడు "అక్కా, అదిగో పాలపిట్ట" అన్నా నీకు కనపడకపోతే, వినపడకపోతే రాయించొద్దు. వాడు అలుగుతాడు, అలగనీ. ఒక ఏడు రెండు కళ్లు, ఇంకో ఏడు నాలుగు కళ్లు చూస్తే ఆ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టలేం.

చీకట్లో మొదలుపెడతావు కాబట్టి మొదటి ఐదారు స్టాపుల్లో నీకు పనికొచ్చేది చెవే. బైనాక్యులర్స్ మెడలో వేలాడుతుంటాయి, అంతే. మిద్దె మీద పడుకున్నప్పుడు తెల్లవారుజామున ఏది ముందు కూస్తుందో వారం రోజులు విను. అన్నిటికంటే ముందు లేచేది పసులపోలిగాడు. నేను పనిచేసిన రోజుల్లో, కరెంటు తీగ తెగిందని రాత్రి మూడింటికి పిలిస్తే పోయేవాణ్ని. అప్పటికే స్తంభం మీద కూర్చుని వాడు పాట మొదలుపెట్టి ఉండేవాడు. వాడి గూడున్న చెట్టు మీదే గువ్వలు కూడా గూడు కడతాయి. కాకులను, గద్దలను తరిమే మొనగాడు పక్కింట్లో ఉంటే ఎవరికి చేదు?

రాసేటప్పుడు అంకె ఒక్కటే వేయొద్దు, అది ఏం చేస్తోందో పక్కన ఒక అక్షరం వెయ్. కూస్తుంటే 'కూ', పుల్ల మోస్తుంటే 'పు', నోట్లో పురుగు పెట్టుకుని మింగకుండా ఎగిరిపోతుంటే 'మే', ఎగరలేని పిల్ల కనిపిస్తే 'పి'. పురుగును మింగకుండా మోసుకుపోయే పిట్టకు ఎక్కడో దగ్గర్లో పిల్లలున్నట్టే. ఆ గూడు కోసం వెతకాల్సిన పని లేదు.

అసలు గూటి దగ్గరకే పోవద్దు. ఫోటో మోజు మీ వయసులో ఉంటుంది కాబట్టి గట్టిగా చెబుతున్నా. తీతువు మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది, వట్టి నేల మీద, గులకరాళ్ల మధ్య. అడుగు దూరంలో ఉన్నా కనపడవు. నువ్వు నిలబడి వంగి చూస్తుంటే పైన కాకి నిన్ను చూస్తుంటుంది. నువ్వు బండెక్కేలోపు అది దిగుతుంది. తీతువు అరుపు కీడని ఊళ్లో అంటారు గానీ, పాపం అది అరిచేది తన గుడ్ల కోసం. ఎండ మండేటప్పుడు కుంటలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. దాన్ని పది నిమిషాలు గూటికి దూరంగా నిలబెట్టావంటే మన నేల వేడికి ఆ గుడ్లు ఏమవుతాయో చెప్పక్కర్లేదు.

గిజిగాళ్ల దగ్గర అందరూ బోల్తా పడతారు. పదకొండో స్టాపులో దిగుడుబావి మీదికి వంగిన ఈతచెట్టు ఉంది, వానలు బాగా పడ్డ ఏడు నిండా గూళ్లు వేలాడతాయి. గూళ్లు లెక్కపెట్టి అన్ని జంటలని రాశావా, తప్పే. మగది సగం గూడు కట్టి, రెక్కలాడిస్తూ ఆడదాన్ని పిలుస్తుంది. నచ్చితే ఆడది లోపలికొస్తుంది, అప్పుడు మగది మిగతా సగం కడుతుంది. నచ్చకపోతే ఆ గూడు అట్లాగే వేలాడుతుంది. ఒకదానికి ఆడది కుదిరాక అదే మగది ఇంకో గూడు మొదలుపెడుతుంది. అందుకే గూళ్లు ఒక వరసలో, కంటికి కనిపించిన పిట్టలు ఇంకో వరసలో రాయి. పొడుగు గొట్టం దిగిన గూళ్లకు వేరే గుర్తు పెట్టు.

కోయిల కూత విని గూడు ఉందనుకోవద్దు, దానికి గూడే లేదు. లైను ట్రిప్పవుతోందని స్తంభాల మీది కాకిగూళ్లు నేను చాలానే తీశాను. కాకులు ఇనప తీగ ముక్కలు కూడా తెచ్చి పెడతాయి, తీయక తప్పదు. ఒకసారి తీసిన గూట్లో మూడు పిల్లలుంటే ఒకటి కాకిపిల్ల కాదు. కాకి మాత్రం మూడింటి కోసమూ నా తల మీద పొడిచింది. నేను పిట్టల్ని చూడడం మొదలుపెట్టింది ఆ పొద్దునే.

బుడ్డల (వేరుశనగ) చేలల్లో పిచ్చుకంత పిట్ట ఒకటుంటుంది. మగదానికి పొట్టంతా నలుపు, నెత్తి బూడిద రంగు. రెక్కలాడిస్తూ నిటారుగా పైకిపోయి, రెక్కలు ముడిచి రాయిలా కిందికి పడుతూ ఈల వేస్తుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. ఒక్కదాన్నే నాలుగుసార్లు రాసే ప్రమాదం ఇక్కడే ఉంది. కాగితం మీద గుండ్రం గీసుకుని మధ్యలో నువ్వున్నట్టు చుక్క పెట్టు, పిట్ట ఏ దిక్కున ఉందో అక్కడ గుర్తెయ్. రెండు ఒకేసారి కూస్తేనే రెండు.

దారిలో జనం ఆపుతారు. తెల్లారకముందే బోరు మోటరు దగ్గర నిలబడి బైనాక్యులర్స్‌తో చూస్తుంటే ఎవరికైనా అనుమానమే. "సోలార్ కంపెనీకి భూములు చూస్తున్నావా" అని నన్ను రెండుసార్లు నిలదీశారు, చీనీతోట కాడ ఒకాయన కర్ర కూడా ఎత్తాడు. పిట్టలు లెక్కపెడుతున్నానని ఉన్న మాటే చెప్పు. నవ్వుతారు, టీ ఇస్తారు. టీ తాగు కానీ లెక్క అయిపోయాకే. జీవాలు మేపేవాళ్లతో మాట్లాడు, ఏ గట్టు కింద ఏ పిట్ట గుడ్డు పెట్టిందో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. వాళ్లు చెప్పింది చివరి పేజీలో రాసుకో, లెక్కలో కలపొద్దు.

ఇప్పుడు సున్నా సంగతి. ఏదో ఒక స్టాపులో మూడు నిమిషాలూ ఒక్క కూతా వినపడదు. ఇంకో నిమిషం ఆగాలనిపిస్తుంది, యాభై అడుగులు ముందుకు జరగాలనిపిస్తుంది. నేను చేసిన తప్పు అదే. ఏడో స్టాపులో రెండేళ్లు వరసగా ఏమీ దొరకలేదని, మూడో ఏడు వంక పక్కన కానుగ చెట్ల దగ్గరకు జరిగాను. అక్కడ పిట్టలే పిట్టలు! ఏడో స్టాపులో పిట్టలు పెరిగాయని సంతోషంగా రాశాను. మూడేళ్ల తర్వాత పాత కాగితాలు తిరగేస్తుంటే తెలిసింది, పెరిగింది పిట్టలు కాదు, జరిగింది నేను. ఆ మూడేళ్ల ఏడో స్టాపు కొట్టేశాను. నీకిచ్చిన నోట్‌బుక్‌లో ఎర్ర గీతలు అవే.

అట్లాగని సున్నా అంటే ఆ పిట్ట లేదని కాదు. ఆ చోట, ఆ వేళ, ఆ మూడు నిమిషాల్లో నీకు దొరకలేదు, అంతే. మన కలివికోడినే చూడు. 1848లో జెర్డన్ అనే దొర దాని గురించి రాశాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక ఇంక ఎవరికీ కనపడలేదు, పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర కంప పొదల్లో మళ్లీ దొరికింది. అది రాత్రి తిరిగే పిట్ట. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకుతుంటే, రాత్రిపూట టార్చి వెలుగులో పట్టిచ్చింది అక్కడి మనిషే. మన రూటు పొద్దుటి రూటు కాబట్టి గుడ్లగూబలకు, రాత్రి తిరిగే పిట్టలకు మన కాగితంలో ఎప్పుడూ సున్నాలే ఉంటాయి. వాటిని చూసి దిగులు పడొద్దు. బట్టమేకపిట్ట సున్నా వేరు. దానికోసమే 1988లో అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడును అభయారణ్యం చేశారు. పట్టపగలు బయలులో తిరిగే మూరెడు ఎత్తుకు మించిన పిట్ట, దాన్ని చూడలేకపోవడం కష్టం. అక్కడ రాసే సున్నా బరువుగానే ఉంటుంది.

పెన్సిల్‌తో రాయి, తడికి పెన్ను పాకుతుంది. పాములు తిరిగే వేళ, చెప్పులతో గడ్డిలో దిగొద్దు. ఇంటికొచ్చాక కాఫీ కంటే ముందు కాగితం శుభ్రంగా ఎక్కించు.

ఇంకోటి. ఏడో స్టాపుకు గుర్తుగా ఉన్న వేపచెట్టును మొన్న రోడ్డు వెడల్పుకు కొట్టేశారు. అదే చోట మీ అత్త చేత సున్నం పూయించిన రాయి ఒకటి పెట్టించాను. కానుగ చెట్లు కనపడుతూనే ఉంటాయి, నువ్వు మాత్రం రాయి దగ్గరే నిలబడు.

ఇట్లు
మీ మామ